ఆనపపాదుకి గుడారం

పాదు పందిరి ఎక్కక ముందే మా ఆవిడ మాట ఇచ్చేసింది, మొదటి ఆనపకాయ కోత పండుగకి చర్చికి ఇస్తానని. మా గోదావరి ఊళ్ళలో కోత పండుగనాడు ఎవరింట పండింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ధాన్యం, అరటిగెలలు, ఒక్కోసారి కోడిపుంజు కూడా. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటికి వేలం. పోయినేడు ఆవిడ నిమ్మకాయలు తీసుకెళ్తే, వేలం పాడించే సంఘపెద్ద వాటిని గుప్పిట్లో గలగలలాడించి, "పులిహోర ఎవరింట్లోనండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నవ్వించుకోకూడదని ఆవిడ పట్టుదల.

పాదేమో ఆలస్యంగా పూసింది. పండుగ వారం పైన ఉందనగా ఉన్నది ఒక్కటే కాయ, నా అరచేతి పొడుగు. సంఘపెద్ద ఇల్లు మా పక్కనే. ఆయన దొడ్లో గుమ్మడికాయ గోడ మీంచి కనబడేంత ఉంది.

"ఇదెందుకండీ ఎదగట్లేదు?" అంది ఆవిడ.

నేను పదో తరగతితో చదువు ఆపి, ధాన్యం కాటా దగ్గర పని చేసుకుంటున్నవాణ్ణి. కానీ లెక్క దొరికితే వదలను. ఫోన్లో సైన్సు పాఠాలు వింటాను. అలా విన్నదే చెప్పాను.

"ఆకులో రుబిస్కో అని ఒక ఎంజైమ్ ఉంటుంది. గాల్లో బొగ్గుపులుసు వాయువుని పట్టి చక్కెర తయారీకి అందించేది అదే. సెకనుకి మూడుసార్లో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. అంతే."

"సెకనుకి మూడంటే తక్కువా?"

"మిగతా ఎంజైములు వందలూ వేలూ చేసి పారేస్తాయి. పైగా ఇది నాలుగైదుసార్లకి ఒకసారి పొరపాటున ఆక్సిజన్ని పట్టుకుంటుంది. ఆ తప్పు దిద్దుకోవడానికి మళ్ళీ పని."

"అంత చేతకానిదైతే మాన్పించి ఇంకోదాన్ని పెట్టుకోవచ్చుగా మొక్క?"

"ఇంకోటి లేదు. అందుకే ఒకరు చేసే పనికి పదిమందిని పెట్టుకుంటుంది. ఆకులో ఉన్న ప్రొటీన్లో పెద్ద వాటా దీనిదే."

"మీ కాటా దగ్గర లాగే," అంది.

నేను లెక్క వేశాను. గాలి పదివేల పాళ్ళనుకుంటే ఆక్సిజన్ రెండువేల పైచిలుకు. బొగ్గుపులుసు వాయువు నాలుగే. అంత గుంపులో ఆ నాలుగింటినీ వెతికి పట్టుకోవాలంటే ఎవరికైనా తప్పులు వస్తాయి. రుబిస్కో మీద జాలేసింది.

దారి చూపించింది మా నీళ్ళతొట్టిలో నాచు. అందులో నీలాకుపచ్చ రకం సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలోనూ రుబిస్కోయే పని చేస్తుంది. అయితే అవి దాన్ని చిన్న చిన్న గదుల్లో పెట్టి, ఆ గదుల్లో వాయువుని కూరతాయి. ఎటు చెయ్యి చాపినా వాయువే తగులుతుంది కాబట్టి తప్పులు తగ్గుతాయి. ఈ సంగతి తెలిశాక మా ఆవిడని తొట్టి కడగొద్దన్నాను. "ఇందులో ఉన్నవాళ్ళు మన కాయకి గురువులు," అన్నాను.

"గురువులైతే కాళ్ళు కడగాలిగా, జరగండి," అని చీపురు అందుకుంది.

మన పాదుకీ ఒక గది కడితే సరి అనుకున్నాను. పందిరి చుట్టూ పాలిథిన్ పట్టా కట్టి గుడారం చేశాను. పెద్ద సీసాలో పంచదార నీళ్ళు పోసి, బ్రెడ్డులో వేసే ఈస్ట్ కలిపి, మూతకి గొట్టం పెట్టి ఆ కొస గుడారంలోకి దూర్చాను. ఈస్ట్ పంచదార తిని వాయువు వదులుతుంది. బుడగలు వస్తుంటే ముచ్చటేసింది. ఆ ముచ్చటలో వాసన సంగతి లెక్కలోకి రాలేదు.

మర్నాడు గోడ మీద సంఘపెద్ద తల లేచింది. "ఏంటండీ, కల్లు వాసన?"

"ఈస్టండి. మొక్కకి."

"ఓహో, మొక్కకా!" అని తల దిగిపోయింది.

సాయంత్రానికి పాస్టరుగారు వచ్చారు. "ఇటు వెళ్తూ, ఒక ప్రార్థన చేసుకుందామని ఆగానండి," అన్నారు గానీ చూపు సీసా మీదే. నేను రుబిస్కో దగ్గర మొదలుపెట్టాను. ఆయన నా నోటి దగ్గరికి కాస్త వంగి విన్నారు.

మా ఆవిడ టీ అందిస్తూ, "మా ఆయన తాగరండీ అయ్యగారూ. తాగేవాళ్ళయితే ఇంతకంటే తెలివిగా దాచుకుంటారు," అంది.

పాస్టరుగారు కుటుంబం కోసం, పాదు కోసం ప్రార్థించి, ఆ సీసా విషయంలో కూడా దేవుని చిత్తమే జరగాలన్నారు.

జరిగింది. మర్నాటి మిట్టమధ్యాహ్నం ఎండకి గుడారం ఆవిరిపొయ్యి అయింది, ఆకులు వాలిపోయాయి. వేడెక్కే కొద్దీ రుబిస్కో తప్పులు ఎక్కువ చేస్తుందని అప్పుడు చదివాను. వాయువుకి లెక్క వేశాను గానీ ఎండకి వెయ్యలేదు. మా ఆవిడ పట్టా ఒక్క గుంజుతో లాగేసి, "ఊపిరాడకుండా చేసి పని చెయ్యమంటే ఎలాగండీ," అని పాదు మొదలుకి నీళ్ళు పోసింది. పాదు తేరుకుంది, కానీ తన తీరికలో.

పండుగనాటికి కాయ మూరెడు కూడా లేదు. ఆవిడ దాన్ని కొత్త తువ్వాల్లో చుట్టి పట్టుకొచ్చింది. వేలంలో సంఘపెద్ద ముందు తన గుమ్మడికాయ పాడించుకుని, తర్వాత దీన్ని పైకెత్తాడు. "ఇదిగోనండి, సీసాపాలు తాగి పెరిగిన ఆనపకాయ!"

ఆవరణంతా నవ్వు. మా ఆవిడ తల వంచుకుని పైట సర్దుకుంటోంది. నేను రుబిస్కో గురించి చెబుదామని లేవబోతే నా కాలు తొక్కింది.

ముందు వరసలో కూర్చున్న మామ్మగారు, పాస్టరుగారి తల్లి, "ఇటివ్వండి బాబూ," అని కాయ తీసుకుని తొడిమ దగ్గర గోరు గుచ్చారు. గోరు వెన్నలో దిగినట్టు దిగింది.

"లేతగా ఉంది. మీ గుమ్మడికాయ గొడ్డలితో కొట్టుకోండి. దీంతో పాలు పోసి కూర చేయించుకుంటాను. నా పళ్ళకి ఇదే నలుగుతుంది. దీని మీద ఎవరైనా పైపాట పాడితే ఊరుకోను."

ఎవరూ పాడలేదు. మా ఆవిడ తల ఎత్తింది.

ఇంటికొస్తూ కాలవగట్టు మీద అడిగింది: "ఏవండీ, మీ గుడారం పనిచేసి కాయ బాగా ఎదిగిపోయుంటే గోరు దిగేదా?"

"ఏమోనే. ముదిరితే దిగదు."

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా పందిరి దగ్గరికి వెళ్ళి, కొత్తగా వేసిన పిందెని చూసింది. దాని పక్క ఆకుని రెండు వేళ్ళతో నిమిరి, "తొందరేం లేదమ్మా," అంది.

నాతో మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు.