కాలువల మీద ప్రసంగం

ఓక్‌విల్‌లో రైలెక్కేటప్పటికే మావాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఇక్కడి కాలేజీల్లో చదవడానికొచ్చిన మన తెలుగు పిల్లలతో బోగీ నిండిపోయింది. ఒకమ్మాయి లేచి, "కూర్చోండి అక్కా" అని సీటిచ్చింది. సోమవారం నుంచి వాణ్ణి డేకేర్‌లో వదలాలి. నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఊరుకోడు.

ఎదురు సీట్లో పెద్దాయన పలకరించగానే ఆ బెంగంతా చెప్పేశాను. ఆయన ఇంగ్లండ్‌లో చాలాకాలం ఎంపీగా చేశారట. చుట్టూ గన్‌మెన్ లేరు, ఒళ్లో శాండ్‌విచ్ డబ్బా ఉంది. అయినా ఎంపీ ఎంపీయే. మా వైపు తిరుమల దర్శనానికి కూడా ఎంపీ లెటర్ పట్టుకెళ్తాం.

"డేకేర్ వాళ్లకి ఒక లెటర్ ఇస్తారా, వీణ్ణి కాస్త ఎక్కువసేపు ఎత్తుకోమని?" అని అడిగేశాను.

"నా మాట మా పార్టీలోనే ఎవరూ వినలేదమ్మా," అన్నారాయన. "నాకు కాలువలంటే ఇష్టం. సభలో ఎప్పుడు లేచినా వాటి గురించే మాట్లాడేవాణ్ణి. సగంమంది నిద్రపోయేవారు."

చేతులు చాపి మావాణ్ణి ఎత్తుకుని, అదే ప్రసంగం అందుకున్నారు. పూడికలు, తూములు, గట్ల మరమ్మతులు. ఎటోబికో వచ్చేసరికి వాడు ఆయన భుజం మీద నిద్రపోయాడు. సీటిచ్చిన అమ్మాయి కూడా నిలబడే కునుకు తీస్తోంది.

సోమవారం డేకేర్ టీచర్‌కి పాలసీసా ఇచ్చి, ఏడిస్తే కాలువల గురించి మాట్లాడమని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

సాయంత్రం వెళ్లేసరికి వాడు హాయిగా ఆడుకుంటున్నాడు.

"కాలువల గురించి నాకేమీ తెలీదు," అందావిడ. "మా బిల్డింగ్‌లో పార్కింగ్ గొడవ చెప్పాను. సగంలోనే నిద్రపోయాడు."