యాకుత్‌పురా బాయిలో చేతులు

దయ్యాల మాటలు నేను ఎన్నడు పట్టించుకోలె. పాత బస్తీల ఒక దవాఖానల నర్సుగ చేసిన. శవాలను కడిగిన చేతులతోనే ఇంటికి పోయి వంట చేసుకున్న. ఏనాడూ భయం కాలె.

ఇది యాభైలల్ల సంగతి. దెబ్బలతోటి ఎవరొచ్చినా మా డాక్టరమ్మ ముందుగాల చేతులు చూసేది. కిందపడితే మోచేతులు గీసుకపోతయ్. ఎవరన్న పట్టుకొని కొడితే రెట్టల మీద వేళ్ల గుర్తులు పడతయ్. చూసి చూసి నాకూ గది తెలిసింది.

ఒకనాడు పొద్దుగాల యాకుత్‌పురా నుంచి యాదమ్మ అనే ఆమె ఆరేండ్ల సరోజను ఎత్తుకొని ఉరికొచ్చింది. సరోజకు ఆమె సవతి తల్లి. పిల్ల ఇంటెనక బాయిల పడ్డదని, బకెట్ ఇడిస్తే అండ్ల కూసున్నదని, పైకి గుంజినంక తెలివి తప్పిందని చెప్పింది. బాయికి గోడ లేదట.

పిల్ల రెండు రెట్టల మీద నీలంగా వేళ్ల గుర్తులు. సవతి తల్లే నూకిందనుకున్న. డాక్టరమ్మ పోలీసులకు కబురు పెట్టింది. ఠాణా నుంచి అమీన్ సాబ్ వచ్చి యాదమ్మను వరండాల కూసోబెట్టిండు.

పగటీలి సరోజ తెలివికొచ్చింది. పాలు తాపుకుంట అడిగిన.

“ఎవరన్న నూకిండ్రా బిడ్డా?”

“లే. కాలు జారింది.”

“మరి రెట్టలు ఎవరు పట్టుకున్నరు?”

“లోపలి అక్క. బకెట్ వచ్చేదాక నన్ను పైకి లేపి పట్టుకున్నది. ఆమె చేతులు మస్తు సల్లగున్నయ్.”

డాక్టరమ్మ యాదమ్మను పిలిచి, ఆమె చెయ్యి ఆ గుర్తుల మీద పెట్టిచ్చి చూసింది. యాదమ్మది కూలి చేసిన వెడల్పు చెయ్యి. గుర్తులు చిన్నగున్నయ్, పది పన్నెండేండ్ల పిల్లయి లెక్క. ఆ ఇంట్ల గంత వయసు పిల్లలు లేరు.

అమీన్ సాబ్ యాదమ్మను పొమ్మన్నడు. ఆమె మా దిక్కు చూడకుంట పిల్లను భుజాన ఏసుకొని పోయింది.

“ఆ బాయికి గోడ కట్టియ్యుండ్రి. రేపు ఇంకొకరు పడితే?” అన్నది డాక్టరమ్మ. అమీన్ సాబ్ ఇంటి మాలిక్‌ను ఒప్పిచ్చిండు.

గోడ కట్టనీకి వచ్చిన మేస్త్రీ రాయి పెట్టుకుంటనే జారి బాయిల పడ్డడు. తీసేటాళ్లకు పాణం పోయింది. పోలీసు కేసు కాబట్టి మా దగ్గరికే తెచ్చిండ్రు.

అంగీ కోసిన. రెండు రెట్టల మీద అవే చిన్న వేళ్ల గుర్తులు.

నడుముకు తాడు కట్టి గుంజినమని, రెట్టలు ఎవరూ ముట్టలేదని పోలీసు జవాన్ అన్నడు. డాక్టరమ్మ వంగి మస్తు సేపు చూసింది. “ఇవి పాణం ఉన్నప్పుడు పడ్డయి” అని చెప్పి, చేతులు కడుక్కోనీకి పోయింది.

శవం ఎంబడి వచ్చిన యాదమ్మ గుమ్మం కాడ నిలబడ్డది. “పెద్ద మనిషి గద సిస్టర్. లోపలి పిల్ల ఆయన బరువు ఆపలేకపోయిందేమో” అన్నది.

తర్వాత ఆ బాయిని బండలతో మూసిండ్రు. ఆ ఇంటి నుంచి మళ్ల ఏ కేసూ రాలె.

యాదమ్మ మాటే నిజం కావాలని ఉంటది నాకు. కాని ఆ మేస్త్రీ కండ్లు మూసింది నేను. భయంతోటి బిగుసుకపోయిన ఆయన మొఖం చూసింది నేను. లోపలున్నది ఆయనను పైకి లేపిందో, కిందికి గుంజిందో, గియ్యాల్టికి నాకు తెల్వదు.