నాయన చేతుల్లో నూలు

మాది పళ్ళిపట్టు, మగ్గం నేసే ఇల్లు. నాయన పోయినాక, విల్లు రాయించాలని అమ్మ నన్ను తిరుత్తణి రిజిస్టర్ ఆఫీసుకు పిల్చుకోని పోయింది. తన పేరు మీదుండే చిన్నిల్లు తన తర్వాత, కడదశలో ఉండే రోగుల్ని చూసుకునే ఆశ్రమానికని చెప్పింది.

"కొడుకుండంగా వాళ్ళకెందుకమ్మా? వీడు సరిగ్గా చూసుకోలేదా?" అని ఆఫీసరు అందరి ముందర అడిగినాడు. నాకు తల కొట్టేసినట్లయింది.

"నా బిడ్డ బంగారం సార్," అనింది అమ్మ. "మా ఆయనకు స్మారకం పోయినా చేతులు మాత్రం మగ్గం నేస్తానే ఉండె. ఆస్పత్రిలో ఆ చేతుల్ని మంచానికి కట్టేసినారు. ఈ ఆశ్రమానికి మారిస్తే, అక్కడి నర్సమ్మ కట్లు లేకుండా ఆ చేతుల్లో నూలు పోగుల చిలప పెట్టింది. దాన్ని తడుముతా నిమ్మళంగా పోయినాడు."

ఆఫీసరు కాయితాలు దగ్గరికి లాక్కోని ముద్ర వేసినాడు.

నేనూ నేసేవాణ్ణే. ఒకనాడు నా చేతులూ అట్లే ఆడుతాయి. అమ్మ నీకేమీ రాయలేదా అని ఎవరన్నా అడిగితే, రాసిందనే చెప్తాను.