ఎదురింటి తాళంచెవి

సందులో అందరూ ఆవిడను మిషనమ్మ అనేవారు. బట్టల కొట్టులో మిషను కుట్టే పని ఆవిడది. మొగుడు పోయినప్పటి నుంచీ "ఒక్కదానివి ఎలా ఉంటావే, మా ఇంటికి వచ్చెయ్" అని అన్నయ్య పోరుతూనే ఉన్నాడు. అన్నయ్య మంచివాడే. కానీ వదిన చూపుల మధ్య బతకడం కన్నా తన రెండు గదుల్లో పస్తుండడం నయమనుకుంది మిషనమ్మ. భయమేస్తోందని ఒక్కసారి నోరు జారితే చాలు, అన్నయ్య బండి తెచ్చి సామాను ఎక్కించేస్తాడు. అందుకే ఆవిడ భయపడటం మానేసింది. పైకి మాత్రమేననుకోండి.

ఆ సందుకో కట్టుబాటు ఉంది. ప్రతి ఇంటి రెండో తాళంచెవి ఎదురింట్లో ఉండాలి. ఎవరి గుమ్మం వాళ్ళకు కనపడదు, ఎదురింటివాళ్ళకే కనపడుతుంది, కాబట్టి కాపలా వాళ్ళదే. మిషనమ్మ తాళంచెవి ఎదురింటి పెద్దమ్మ దగ్గర, పెద్దమ్మది మిషనమ్మ దగ్గర. పెద్దమ్మా ఒంటరిదే. కూతుళ్ళు వేరే ఊళ్ళో ఉంటారు.

మొదట కదిలింది కుర్చీ. పొద్దున గోడవార పెట్టి వెళ్ళింది, సాయంత్రానికి కిటికీ దగ్గరుంది. తనే మరిచిపోయానేమో అనుకుంది. తర్వాత ఓ రోజు, బోర్లించి వెళ్ళిన గ్లాసు లోపల తడి కనిపించింది. మరో రోజు కుర్చీని ముట్టుకుంటే వెచ్చగా ఉంది. తలుపు తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

"పెద్దమ్మా, మా ఇంటికెవరైనా వచ్చారా?"

"ఒక్క పురుగు కూడా రాలేదే. కళ్ళలో వత్తులేసుకుని చూస్తున్నాగా."

తాళాలవాణ్ణి పిలిపించి తలుపుకు, లోపలి నుంచి కూడా వేసుకునే కొత్త తాళం బిగించింది. పద్ధతి ప్రకారం రెండో చెవి తీసుకెళ్ళి పెద్దమ్మ చేతిలో పెట్టింది. కుర్చీ మళ్ళీ కదిలింది. ఈసారి ఇంకా గట్టి తాళం వేయించింది. దాని చెవీ పెద్దమ్మకే ఇచ్చింది. పద్ధతి పద్ధతే కదా మరి!

ఒక మధ్యాహ్నం కొట్టులో కరెంటు పోయింది. మిషనమ్మ ముందే ఇంటికొచ్చింది. తాళం తీసి తలుపు తోసిందో లేదో, కిటికీ దగ్గర కుర్చీలో ఎవరిదో వీపు. కెవ్వుమంది.

వీపు మెల్లగా తిరిగింది. పెద్దమ్మ! పెదాల మీద వేలుంది.

"అరవకే. వినపడుతుంది."

"ఏంటి పెద్దమ్మా ఇది! నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ తాళంచెవి ఇటిచ్చెయ్!"

పెద్దమ్మ ఇవ్వలేదు. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

"మా ఇంట్లో ఎవరో తిరుగుతున్నారే. నేను వంటింట్లో ఉంటే ముందుగదిలో అడుగులు. ముందుగదికొస్తే వంటింట్లో. ఎటునుంచి వస్తున్నారో చూద్దామంటే మా గుమ్మం నాకు కనపడదాయె. ఇక్కణ్ణుంచైతే బాగా కనపడుతుంది."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు నా కూతుళ్ళకు చెబుతావు. మతి పోయిందని వాళ్ళు నన్ను మూటగట్టి తీసుకెళ్తారు. ఆ ఇల్లు వదిలి నేనుండలేనే."

మిషనమ్మ కోపం చల్లారిపోయింది. అన్నయ్య బండి కళ్ళముందు మెదిలింది. భయాన్ని దాచుకుని బతకడమంటే ఏమిటో ఆవిడకు ఒకరు చెప్పాలా?

"ఉండు, నేను చూసొస్తా" అని మేకుకు వేలాడుతున్న పెద్దమ్మ తాళంచెవి తీసుకుని సందు దాటింది. ఎండ కాస్తోంది. పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. పెద్దమ్మ ఇంటికి ఉన్నది ఒకటే తలుపు, బయట పెద్ద తాళంకప్ప. చెవి తిప్పితే కప్ప ఊడి చేతికొచ్చింది. తలుపు తోసింది. రాలేదు. భుజం ఆనించి తోసింది. లోపల గడియ కదిలిన చప్పుడైంది.

లోపలి నుంచి గడియ వేసి ఉంది.

తలుపుకు అవతల ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు అనిపించింది. తాళంకప్ప మళ్ళీ తగిలించి, నొక్కి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

"ఎవరైనా ఉన్నారా?" అంది పెద్దమ్మ.

"ఎవరూ లేరు పెద్దమ్మా. నువ్వు మాత్రం ఇవాళ్టి నుంచి ఇక్కడే పడుకో. నాకు ఒంటరిగా భయమేస్తోంది."

ఆ మాట ఆవిడ నోటి వెంట రావడం అదే మొదలు. పెద్దమ్మ మిషనమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తన తలుపుకు లోపల గడియ వేసి, స్టూలు లాక్కుని మిషనమ్మ కూడా కిటికీ దగ్గర కూర్చుంది.

ఎదురింటి కిటికీలో, ఇటే తిరిగి, ఒక కుర్చీ ఉంది. ఇందాక లేదు.