పలకకు అవతలి కొస

పెద్దవంగరలో వడ్ల యాకయ్య చేసిన తలుపులకు మంచి పేరుండేది. ఆయన రందతో చిత్రిక పట్టిన చెక్క మీద ఈగ వాలినా జారుతుందని ఊళ్లో అనుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయన భార్య సత్తమ్మ తల వంచుకుని వేరే పని చూసుకునేది. ఎందుకంటే ఆ చెక్కలకు రంద పట్టింది యాకయ్య కాదు, ఆమె. పదిహేనేళ్ల పాటు ఆ సంగతి వాళ్లిద్దరికే తెలుసు.

అరవై తొమ్మిది ఎండాకాలంలో, వాళ్ల పెళ్లయిన రెండో ఏట, ఊరూరా ప్రత్యేక తెలంగాణ మాటే వినిపిస్తుండేది. రంపం పళ్లకు ఆకురాయి కొనడానికి జనగామ వెళ్లిన యాకయ్య, అక్కడ సభ జరుగుతుంటే నిలబడి విన్నాడు. ఎవరో వెనక నుంచి కేక వేశారు. జనం ఒక్కసారిగా కదిలారు. కిందపడ్డ యాకయ్య కుడి భుజం మీదుగా ఎన్ని కాళ్లు పోయాయో ఆయనకే తెలియదు. నెల రోజులు దవాఖానలో ఉన్నాడు. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవలేదు. గీత గీయగలడు, ఉలి దించగలడు. రంద మాత్రం భుజం నుంచి తోయాలి. ఆ బలం పోయింది.

ఒక రైతుకు తలుపు ఇస్తానని ముందే మాటిచ్చి ఉన్నాడు. ఇంటి వెనక కొట్టంలో చెక్క ముందు కూర్చుని రంద తోశాడు. అది సగంలో ఆగింది. మళ్లీ తోశాడు, మళ్లీ ఆగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న సత్తమ్మకు ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది.

ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. "నాకు సూపియ్యి, నేను తోస్త" అంది.

"ఆడోళ్లు పనిముట్టు పడ్తరా? నలుగురు ఇంటే ఏమంటరు?"

"నలుగురికి ఎవలు చెప్తున్నరు? దొడ్డి తలుపేసి చేద్దాం."

సత్తమ్మది లింగాల ఘనపూర్. చిన్నప్పటి నుంచి చేనులో పని చేసిన చేతులు. నెల తిరిగేసరికి ఎంత లోతుకు కత్తి దించాలో, ఏ వైపు నార చూసుకుని తోయాలో ఆ చేతులకు వచ్చేసింది. యాకయ్య కొలతలు పెట్టేవాడు, జోడింపులు చేసేవాడు. తలుపు బయటికి వెళ్లేటప్పుడు ఆయన ముందు నడిచేవాడు. డెబ్బై మూడులో ఐదో నెల కడుపు పోయింది. ఆ తరవాత మళ్లీ నిలవలేదు. అది రంద వల్లనేనా అని ఆయన ఏనాడూ అడగలేదు, ఆమె ఏనాడూ అనలేదు.

ఎనభై నాలుగులో హన్మకొండలో ఒక కార్ఖానా మూసేస్తుంటే చిన్న రంద మిషన్ దొరికింది. బల్ల మీద పెట్టి వాడుకునే రకం. ఇటు నుంచి పలక పెడితే రోలర్లు లోపలికి లాగుతాయి, పైన తిరిగే కత్తులు చెక్కుతాయి, పలక అటు నుంచి బయటికి వస్తుంది. మొదటి రోజు దాని ముందు నిలబడి యాకయ్య, "ఇగ నీకు సుఖమే సత్తమ్మా" అన్నాడు.

ఆ సుఖం చిన్న చెక్కల వరకే. పొడుగు పలక సగానికి పైగా బయటికి వచ్చాక ఆ కొస బరువుకు కిందికి వాలుతుంది. అప్పుడు ఇవతలి కొస లేచి కత్తులకు తగులుతుంది. తగిలిన చోట జానెడు మేర గుంట పడుతుంది. అందుకని యాకయ్య ఇటు నుంచి పలక పెడుతుంటే, అవతలి వైపు సత్తమ్మ నిలబడి వచ్చే కొసను చేతుల మీద పట్టుకునేది.

ఆ ఏడు వానలు తగ్గాక కరుణ టీచర్ వాళ్లింటికి వచ్చింది. ఆమెది ఈ ఊరే. చెల్పూర్ బడిలో ఉద్యోగం. ఊళ్లో కొత్తగా కట్టిన ప్రార్థన మందిరానికి పన్నెండు బెంచీలు కావాలంది. మద్ది చెక్క భూపాలపల్లి వైపు నుంచి లారీలో దింపించింది. ఒక్కో పలక ఏడడుగులు, రాయి లాంటి బరువు.

"క్రిస్మస్ నాటికి గావాలె యాకయ్యన్నా. ఇన్నేండ్లు మావోళ్లు కింద కూసునే ప్రార్థన చేసిండ్రు."

మూడో రోజు పని మధ్యలో సత్తమ్మ నడుము పట్టేసింది. పలక దించి గోడకు ఆనుకుంది గానీ కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. మరునాడు ఆమె మంచం మీద ఉండగా యాకయ్య ఒక్కడే రెండు పలకలు పెట్టాడు. రెండింటికీ కొసన గుంటలు పడ్డాయి. వాటిని తెచ్చి ఆమె మంచం పక్కన నిలబెట్టాడు.

"గీ గుంటలు కోసేస్తే బెంచి పొట్టిదైతది" అన్నాడు. గుంట మీద వేలు పెట్టి, "మిషన్‌కు పక్క బల్లలు అమ్ముతరంట జనగామల. ఇటొకటి, అటొకటి బిగిస్తే పలక వాటి మీదనే ఆగుతదంట. పోయి తెస్త" అన్నాడు.

"నేను గూడ వస్త."

"నడుం నొస్తుంటె బస్సెట్ల ఎక్కుతవ్?"

"పదేను దినాలాగి పోదాం. గని నేను లేకుంట కొనకు."

అలాగే ఆగారు. జనగామలో ఆ దుకాణం జైపాల్‌ది. భూములున్న ఇంటి మనిషి, పట్నం చూసి వచ్చి మిషన్ల వ్యాపారం పెట్టాడు. యాకయ్యను కుర్చీలో కూర్చోబెట్టి మూడు రకాలు చూపించాడు. మొదటివి పోత ఇనుపవి, అడుగున్నర పొడుగు. రెండోవి రేకు మడిచి చేసినవి, నాలుగడుగులు, చూపుకు నిగనిగలాడుతున్నాయి. మూడోవి కాళ్ల మీద నిలబడే రోలర్లు.

"ఎక్కువ మంది రేకువే కొంటరు యాకయ్యా. పొడుగున్నయి, తేలిక" అన్నాడు.

అప్పటిదాకా గుమ్మం బయట నిలబడ్డ సత్తమ్మ దుకాణంలోకి వచ్చి రేకు బల్ల కొస మీద అరచేయి పెట్టి నొక్కింది. బల్ల కిందికి వంగింది, చెయ్యి తీయగానే లేచింది.

"గిది పలకతోని పాటు వంగుతది పటేలా" అంది.

జైపాల్ నవ్వాడు. "పోత ఇనుపవి తీసుకోండ్రి మరి. ఏనుగెక్కినా వంగయి."

"పొట్టిగున్నయి. పలక మూరెడు బయటికొచ్చినప్పుడు బరువే ఉండది. రెండు మూరలు దాటినంక ఒక్కసారే చేతుల మీదికొస్తది. బల్ల అందాక ఉండాలె. రోలర్లంటరా, మాది మట్టి నేల. ఒక కాలు దిగితె అయిపాయె."

జైపాల్ యాకయ్య వైపు చూశాడు. యాకయ్య నేల వైపు చూస్తున్నాడు.

మూలన దుమ్ములో ఇంకో జత ఉంది. మందమైన ఇనుప పట్టీలతో చేసినవి, మూడడుగుల పైచిలుకు. మిషన్ పీటకు బిగించడానికి కింద ఏటవాలు కడ్డీలు, బయటి కొసన ఎత్తు సరిచేసే మరలు ఉన్నాయి. పాత రకమని, మోయలేరని జైపాల్ అన్నాడు. సత్తమ్మ వాటిని అక్కడి మిషన్‌కు బిగించి చూపమంది. ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగించింది. బల్ల మీద తన బరువంతా వేసి ఒరిగింది. దారానికి, బల్లకు మధ్య సందు పడలేదు. తరవాత మరను కొంచెం తిప్పి బయటి కొసను గోరంత పైకి లేపింది.

"గంత ఎత్తెందుకమ్మా?" అన్నాడు జైపాల్.

"నేను చేతులతోని పట్టినప్పుడు గంతే లేపేదాన్ని. గట్ల లేపితెనే గుంట పడది."

ఆ జతే కొన్నారు. ఇంటికి తెచ్చి బిగించాక మొదటి పలకను సత్తమ్మే పెట్టింది. అవతలి వైపు ఎవరూ లేరు. పలక బయటికి వచ్చి బల్ల మీద పాకుతూ వెళ్లి ఆగింది. కొస తడిమి చూసింది, గుంట లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషమో, ఇన్నేళ్లు ఇనుము చేయాల్సిన పని తన ఒళ్లు చేసిందన్న దుఃఖమో ఆమె తేల్చుకోలేదు.

డిసెంబరులో మందిరం తెరిచిన రోజు బెంచీలు చూసి కరుణ టీచర్ అందరి ముందూ యాకయ్యకు శాలువా కప్పబోయింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాకొద్దు బిడ్డా" అన్నాడు. కుడి చెయ్యి ఎత్తబోయి రొమ్ము దగ్గర ఆపి చూపించాడు. "నా చెయ్యి అరవై తొమ్మిదిలనే పోయింది. గప్పటి సంది రంద పట్టింది మా సత్తమ్మ. గీ బెంచీలే గాదు, మీ ఇండ్ల తలుపులకు గూడ. నేను చెప్పలేదు. సిగ్గుపడ్డ."

జనం వెనక్కి తిరిగి చూశారు. వెనక నిలబడ్డ సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరుణ నడుచుకుంటూ వెళ్లి శాలువాను ఆమె భుజాల మీద వేసింది.

మరునాడే కులపెద్ద భిక్షపతి ఇంటికి వచ్చాడు. ఆడది పనిముట్టు ముట్టిందని తెలిశాక ఇక తన ఇంటి శుభకార్యాలకు వాళ్లను పిలవలేనన్నాడు. యాకయ్య బదులు చెప్పబోతే సత్తమ్మ ఆపింది.

"సరే పెద్దయ్యా. మీ ఇంటి దర్వాజకు రంద పట్టింది గూడ నేనే. వద్దనుకుంటె పీకి పంపుండ్రి" అంది, కోపం లేకుండానే.

దర్వాజ ఎవరూ పంపలేదు. పిలుపులు మాత్రం నిజంగానే ఆగిపోయాయి, మూడేళ్ల వరకు. ఆ మూడేళ్లూ దొడ్డి తలుపు తెరిచే ఉంచి ఆమె పని చేసింది. వాటిలో మొదటి సంక్రాంతి దాటాక తండా నుంచి అమర్‌సింగ్ నాగలి మేడి కోసం వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"యాకయ్యన్న ఉన్నడా?" అని అడిగాడు. మళ్లీ తనే, "నువ్వున్నా సరే అక్కా" అన్నాడు.

సత్తమ్మ పొట్టు దులుపుకుని లేచి కొలత అడిగింది.