చిన్నమ్మ గీసిన సరస్సు

మేళ్లచెరువులో మా చిన్నమ్మ ఉండే కిరాయి ఇంట్లో, ముందు గది గోడ మీద మంచుకొండలు, వాటి నడుమ సాయంత్రపు ఎరుపు తేలే సరస్సు ఉండేవి. ఆయిల్ రంగులతో ఆమే గీసింది. ఊళ్లోని ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ము పడినప్పుడల్లా తడిగుడ్డతో, పసిపిల్ల మొహం తుడిచినట్టు ఆ నీళ్లను తుడిచేది.

ఒకరోజు ఇంటి ఓనరు సున్నం వేసే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. చిన్నమ్మ బొమ్మకు అడ్డంగా నిలబడింది.

"గోడ మీ సొంతమే, కాదంటలేను. సెరువు మాత్రం నాది."

ఓనరు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"యాడిదమ్మా గీ సెరువు?"

"నేను సూడలే. గిట్లనే ఉంటదనుకున్న."

సున్నం మనిషికి మిగతా గోడలు చూపించి, "కింద నీ పేరు గూడ రాయమ్మా," అన్నాడు.

చిన్నమ్మ వెంటనే కుంచె తెచ్చి, వీధిలోకి కనిపించేంత పెద్ద అక్షరాలతో రాసింది.