గొళ్ళెం మీద కేసు

నా భార్య రవణమ్మ ఎడమ రొమ్ము మీది ఊదారంగు మచ్చకు గది తలుపు గొళ్ళెమే కారణమని తీర్పు చెప్పిన తెలివైనవాణ్ణి నేను. విచారణ లేదు. ఆ పూటే గొళ్ళెం ఊడదీసి తాడు కట్టాను. సైన్యంలో సిగ్నల్స్‌లో పనిచేశాను. ఇంట్లో వచ్చిన సిగ్నల్ చదవలేకపోయాను.

కమిలిన మచ్చ తగ్గాలి. ఇది పెరిగింది. జనవరి చలిలో, మేముండే గోల్‌మురి క్వార్టర్ నుంచి ఆసుపత్రి సర్జరీ వార్డుకు నా ఆఖరి పోస్టింగ్ పడింది. కిట్: కంబళి, ఫ్లాస్కు, మూడుకాళ్ళ స్టూలు. నాలుగో కాలు నేనే.

సూది పరీక్షలో ఏమీ దొరకలేదు. సర్జనమ్మ చర్మం ముక్క కోసి పంపింది. చర్మంలోని రక్తనాళాల్లో పుట్టే సార్కోమా అనే క్యాన్సర్ అని తేలింది. చాలా అరుదట.

"పోన్లెండి, దేన్లోనో ఒకదాన్లో నలుగురికీ లేంది మనకొచ్చింది," అంది రవణమ్మ.

"ఏటే ఆ మాటలు?"

"మరేటి, ఏడమంటారా?"

సర్జనమ్మ నా సైన్యం భాషలో చెప్పింది. "ఫౌజీ సాబ్, కనిపించే మచ్చ దాని సరిహద్దు కాదు. చాలా బయటినుంచి కొయ్యాలి. అయినా హామీ లేదు."

ఉదయం ఎనిమిదికి లోపలికి తీసుకెళ్ళారు. రెండింటికి తెచ్చారు. రొమ్ము మొత్తం తీసేసి, తొడ చర్మం అతికించారు.

ఇంటికొచ్చాక ఆర్డరు ఒకటే. చెయ్యి బిగుసుకోకుండా ఎడమచేతి వేళ్ళను రోజూ గోడ మీద పైకి పాకించాలి. ఆమె గోడకు బదులు తలుపు ఎంచుకుంది. వేళ్ళు పాత గొళ్ళెం మేకుల రంధ్రాలు అందుకునే నాటికి, కుట్ల అంచున మళ్ళీ ఊదా చుక్కలు. ఊపిరితిత్తుల్లోనూ ఉందన్నారు. ఇక కొయ్యడానికి లేదన్నారు.

"గొళ్ళెం మళ్ళీ పెట్టండి. పాపం, దాని తప్పేటి?" అంది. పాత రంధ్రాల్లోనే బిగించాను.

ఆ ఏడు వానలు ఆమె చూడలేదు. కానీ అంతకుముందు ఒక పూట మేమూ తలుపు మూశాం.

రోజూ పరామర్శకొచ్చే నా తోడబుట్టిన అప్ప, గుమ్మం బయటినుంచే శోకం అందుకుంది. "ఓలమ్మ రవణా, ఎంత పనైపోనాదే!"

"ఏడుపుతోటే వత్తంది," అని గొణిగి, రవణమ్మ లేచింది. ఎడమచేతి వేళ్ళు తలుపు మీద ఒక్కొక్కటే ఎక్కాయి. ఆగాయి. మళ్ళీ ఎక్కాయి. గొళ్ళెం పడింది.

నేను కాపలా గొంతు తెచ్చుకుని అరిచాను. "థమ్! కౌన్ ఆతా హై?"

ఏడుపు టక్కున ఆగింది. "నానేరా, మీ అప్పని!"

"పాస్‌వర్డ్?"

రవణమ్మ కుట్లు పట్టుకుని నవ్వింది. ఎడమచెయ్యి మాత్రం గొళ్ళెం మీంచి తియ్యలేదు.